పైకప్పు మీది బాణం

పడకలమ్మే మనిషికి పడక కుదరకపోవడం కన్నా దిక్కుమాలిన సంగతి ఇంకొకటి ఉండదు.

కుంచోరో అమ్మేది ఆసుపత్రి మంచాలు. మర తిప్పితే తల లేచేవి, మీట నొక్కితే కాళ్లు వంగేవి, రోగి దొర్లి పడకుండా పక్కన కమ్మీలున్నవి. జావా దీవిలో ఎవరు ఏ ఆసుపత్రిలో వెల్లకిలా పడుకున్నా అదంతా తన చలవేనని చెప్పుకునేవాడు. తాను మాత్రం నెలలో సగం రోజులు ఊరూరి హోటళ్లలో, ఎవరో ఎప్పుడో వాడి అరగదీసిన పరుపు మీద, పరువు తక్కువ నిద్ర పోతుండేవాడు.

ఆ నిద్రపట్టని బాధలోంచే ఆయనకి పేరొచ్చింది. ఊళ్లు తిరిగి సరుకమ్మేవాళ్లకి ఫోన్లో ఒక గుంపు ఉంది. మందులవాళ్లు, టైర్లవాళ్లు, ఎరువులవాళ్లు, పంపుసెట్లవాళ్లు అందరూ అందులోనే. ఏ ఊళ్లో దిగినా కుంచోరో తన గది గురించి ఆ గుంపుకి ఒక ముక్క రికార్డు చేసి పంపేవాడు.

"తెగల్‌లో దిగాను మిత్రులారా. తలగడ ఇచ్చారు. ఇది తలగడ కాదు, తలకి గడప. రాత్రంతా తట్టుకుంటూనే ఉన్నాను."

"అల్పాహారం ఉచితమన్నారు. గంట నుంచీ వెతుకుతున్నాను. అల్పం దొరికింది, ఆహారం జాడ లేదు."

"సబ్బు చూశారా? ఒంటికి రాసుకునేది కాదిది, ఒంటరిగా కూర్చుని గుర్తు చేసుకునేది."

కింద నవ్వు బొమ్మలు వరసకట్టేవి. ఆ బొమ్మలు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయే అలవాటు కుంచోరోది.

ఈసారి పుర్వొకెర్తోలో మాత్రం ఆయనకి హాస్యం ఊరడం లేదు. ఊరి చివర కొత్త ఆసుపత్రి కట్టారు, మంచాలు కావాలి. కంపెనీలో పెద్దాయన బయల్దేరేటప్పుడే చెప్పేశాడు. "చూడు కుంచోరో, ఈ ఆర్డరు కూడా పోతే తిరిగి రావద్దులే. కారు మాత్రం పంపించెయ్యి." ఆసుపత్రి డైరెక్టరు డాక్టర్ హెర్మవాన్ రోజూ ఈయన్ని బల్ల మీద కూర్చోబెట్టడమే కానీ లోపలికి పిలవడు. సాయంత్రమయ్యేసరికి ఆయన సహాయకురాలు బయటికొచ్చి, అయ్యగారిని పిలిచినట్టు "రేపు రండి పాక్" అంటుంది. ఆ రేపు రోజూ వస్తోంది. పిలుపే రావడం లేదు.

దిగిన హోటలు పేరు సెరుని. మొదటి రోజే గదిలో ఏసీ నీళ్లు కార్చింది. బాగుచెయ్యడానికి తుకిమన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నీలం చొక్కా, చెవి వెనక పెన్సిలు. నిచ్చెన వేసుకుని పైకప్పు పలకొకటి ఊడదీసి, చెయ్యి లోపలికి పెట్టి గొట్టం బిగించాడు. నమాజుకి ఎటు తిరగాలో చూపించే ఆకుపచ్చ బాణం అతికించి ఉన్నది సరిగ్గా ఆ పలక మీదే. పలకని గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టబోయి ఆగాడు. చేతుల్లోనే ఒకసారి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. అంచున ఏదో గుర్తు చూసి అప్పుడు బిగించాడు.

"ఏమిటంత ఆలోచన? పెళ్లికూతుర్ని కూర్చోబెడుతున్నట్టు" అన్నాడు కుంచోరో మంచం మీంచి.

"నాలుగు పక్కలూ ఒకేలా ఉంటాయి పాక్. పొరపాటున తిప్పి పెడితే మీ నమాజు ఎటో పోతుంది, ఆ పాపం నా మెడకి."

"నా నమాజుతో నీకు భయం లేదులే. శుక్రవారం శుక్రవారం బయటికొచ్చే రకం నేను."

తుకిమన్ నవ్వి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

బల్ల మీద కూర్చున్న రోజులు పెరిగేకొద్దీ ఆ శుక్రవారం మనిషి ఐదుపూటల మనిషయ్యాడు. చాప పరిచి, బాణం చూసి, ఆ దిక్కుకి నిలబడేవాడు. కారు, ఇల్లు, ఈ వయసులో మళ్లీ ఎవడి గుమ్మం ఎక్కాలన్న భయం, అన్నీ కలిపి నుదురు నేలకి ఆనించేవాడు. ఏ సమాధానమూ రాలేదు. ఒక సాయంత్రం, మళ్లీ "రేపు రండి" అనిపించుకుని వచ్చి, చాప మీద కూర్చుని ఎదురుగా ఏముందా అని మొదటిసారి చూశాడు. ఫ్రిజ్ ఉంది. చిన్నది, తలుపు సరిగా పడనిది, లోపల రెండు కోలా సీసాలున్నది.

అనుమానమొచ్చింది. ఫోను తీసి ఖిబ్లా, అంటే మక్కా దిక్కు, చూపించే దిక్సూచి తెరిచాడు. ముల్లు ఫ్రిజ్ వైపు కాదు, పక్క గోడ మీది కిటికీ వైపు చూపించింది. మళ్లీ చూశాడు. కిటికీయే. తుకిమన్ పలకని చేతుల్లో ఒకటికి రెండుసార్లు తిప్పడం గుర్తొచ్చింది.

చాలా రోజుల తర్వాత ఆయనకి హాస్యం ఊరింది. వెక్కిళ్లలా వచ్చింది, ఆపుకోవడం చేతకాలేదు. ఫోను ఎత్తి పైకప్పునీ, బాణాన్నీ, ఫ్రిజ్‌నీ వరసగా చూపిస్తూ మొదలుపెట్టాడు.

"మిత్రులారా, నా ఆర్డరు ఎందుకు రావడం లేదో ఇవాళ తెలిసింది. నేను మొరపెట్టుకుంటున్నది దేవుడికి కాదు, కోలా సీసాకి! అసలు దిక్కు అదిగో, ఆ కిటికీ వైపు. ఇక్కడ బాణం వేసినవాడికి దాహమెక్కువ. నేనేమో ఆర్డరు చల్లగా దయచెయ్యమని అడుగుతున్నాను, అది నిజంగానే చల్లబడిపోయింది. సెరుని హోటలు. గదికొచ్చినవాడికి ఏ గతి పడుతుందో చూడండి!"

పంపేశాడు. నవ్వు బొమ్మలు తెర నిండా పరుగెత్తాయి. ఆ రోజు హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్నే ఫోను మోగింది. అవతల డాక్టర్ హెర్మవాన్, స్వయంగా.

"ఆ కోలా మనిషివి నువ్వేనా? నా డ్రైవరు చూపించాడయ్యా, మా ఆవిడ చూపించింది, మా వియ్యంకుడు చూపించాడు! ఇన్నాళ్లూ నా గుమ్మంలో కూర్చున్నది నువ్వేనని చెప్పవేం? రా, వెంటనే రా!"

కుంచోరో చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కిందికి దిగాడు. కౌంటరు దగ్గర తుకిమన్ ఉన్నాడు. నీలం చొక్కా ఒంటి మీద లేదు. మడత పెట్టి బల్ల మీద ఉంది, దాని మీద తాళాల గుత్తి ఉంది. అందరూ అమ్మగారన్నట్టు బు అని పిలిచే మేనేజరు లస్మిని తల దించుకుని ఏదో రాసుకుంటోంది. ఆమె ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. పొద్దున్నించీ ఊళ్లో పెద్దమనుషులంతా ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారట, మీ హోటల్లో ఖిబ్లాతో ఆటలాడుతున్నారా అని. యజమాని చెప్పింది ఒక్కటే మాట: బాణం పెట్టినవాణ్ణి పంపించెయ్యమని.

తుకిమన్ కుంచోరోని చూసి రెండడుగులు ముందుకొచ్చాడు. కోపం లేదు మొహంలో. అంతకన్నా చూడలేనిదేదో ఉంది.

"పాక్, నిజంగానే తప్పుందా?"

కుంచోరోకి తొందర. కారు తాళం అప్పటికే చేతిలో ఉంది. "నేను తమాషా మనిషినే కానీ నా ఫోను కాదు కదయ్యా, అది అబద్ధమాడదు" అన్నాడు. గుమ్మం దగ్గర కాపలావాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వీపుకి తగులుతుండగానే ఆయన కారెక్కేశాడు.

డాక్టర్ హెర్మవాన్ మంచి భోజనప్రియుడు. హాస్యాన్ని కూడా భోజనంలాగే వడ్డించమనేవాడు. "అది మళ్లీ చెప్పు, గతి, గది" అంటూ బొజ్జ పట్టుకుని నవ్వాడు. మంచాల బొమ్మలు చూశాడు. మర తిప్పి చూశాడు. తలవైపు లేపించి, కాళ్లవైపు దింపించి, కమ్మీ బిగువు పట్టుకుని ఊపాడు. రేపు కాగితాల మీద సంతకమన్నాడు. కుంచోరో బయటికొచ్చేసరికి కాళ్లు నేల మీద లేవు. కృతజ్ఞత ఉన్నవాడు చెయ్యవలసిన మొదటి పని చేద్దామని నేరుగా ఆసుపత్రి నమాజు గదికి వెళ్లాడు.

లోపల జనం వరసల్లో నిలబడి ఉన్నారు. అలవాటు కొద్దీ ఫోను తీసి చూశాడు. జనమంతా ఒకవైపు తిరిగి ఉంటే, ముల్లు చీపుర్లు పెట్టే మూల చూపిస్తోంది.

పక్కనున్న మగ నర్సు తొంగిచూసి ఆయన ఫోను తొడుగు మీద వేలితో తట్టాడు. అట్టలా మూసుకునే తొడుగు, కొస టక్కుమని అతుక్కుంటుంది. కంపెనీవాళ్లు కానుకగా ఇచ్చింది, దాని మీద మంచం బొమ్మ ఉంది.

"ఇందులో అయస్కాంతం ఉంది పాక్. తీసి చూడండి."

తీశాడు. ముల్లు వణికింది, గిర్రున తిరిగింది, వరసలన్నీ ఎటు చూస్తున్నాయో అటు నిలబడింది. తొడుగు దగ్గరికి తెచ్చాడు. ముల్లు చీపుర్ల మూలకి పరుగెత్తింది. దూరం పెట్టాడు. తిరిగొచ్చింది. ఇంకోసారి. ఇంకోసారి. నమాజు మొదలైంది. కుంచోరో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

హోటలుకి ఎలా వచ్చాడో తెలియదు. కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి, "బు, ఆ బాణం సరిగ్గానే ఉంది. తప్పు నాది. నా ఫోనుది. తొడుగుది" అన్నాడు.

లస్మిని అతని వెనక ఎవరైనా ఫోను పట్టుకుని నిలబడ్డారేమో అన్నట్టు చూసింది. "రెండో భాగం తీస్తున్నారా పాక్?"

"ఒట్టు! నిజం చెప్తున్నాను. అతన్ని వెనక్కి పిలవండి."

"పిలిచి ఏం చెప్పమంటారు? పొద్దున్నే మీ అంతస్తులో బాణాలన్నీ మీ వీడియోలో ఉన్నట్టు కిటికీలవైపు తిప్పించేశాం. పెద్దలొచ్చి చూసి వెళ్లారు కూడా. ఇప్పుడు మళ్లీ తిప్పితే, పూటకో దిక్కు చూపించే హోటలంటారు. మీకిది ఒక జోకు. మాకిది బతుకు."

కుంచోరో పైకి పరుగెత్తాడు. గదిలో ఆకుపచ్చ బాణం కిటికీ వైపు చూస్తోంది. సరైన బాణాన్ని వంకర చేసింది తన నాలుక. ఈపాటికి పక్క గదుల్లో ఎవరెవరో చాపలు పరిచి, తమ తమ భయాలతో, తన జోకు చెప్పిన దిక్కుకి నిలబడి ఉంటారు.

గుంపుకి రికార్డు చేశాడు. ఒక్క చమత్కారమూ లేకుండా, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "నేను తప్పు చెప్పాను. బాణం సరైనదే. నా ఫోను తొడుగులో అయస్కాంతముంది. నా మూలంగా ఒకతని ఉద్యోగం పోయింది."

నవ్వు బొమ్మలు మొదటిసారి కన్నా ఎక్కువొచ్చాయి. "అయస్కాంతం! చంపావన్నా" అన్నాడు టైర్లవాడు. "ఆ ఏడుపు గొంతు ఎలా పెట్టావయ్యా, అద్భుతం" అన్నాడు పంపుసెట్లాయన. "నిజంరా, నిజం" అని రాశాడు. దానికీ నవ్వారు. ఆయన ఫోను మంచం మీదికి విసిరేసి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇన్నేళ్లూ నవ్వించి సంపాదించుకున్నది ఇదా? తను నిప్పంటుకుని కేకలేసినా జనం చప్పట్లే కొడతారు.

మర్నాడు డాక్టర్ గదిలో ఆసుపత్రి పెద్దలందరూ కూర్చుని ఉన్నారు. కుంచోరో నిర్ణయించుకునే వెళ్లాడు. ఆర్డరు పోతే పోనీ. నిలబడే చెప్పాడు. "డాక్టర్ గారూ, మీరు నన్ను పిలిచింది ఆ జోకు వల్ల. ఆ జోకు అబద్ధం. ఒక నిజాయితీపరుడి మీద వేసిన నింద."

డాక్టర్ హెర్మవాన్ బల్ల మీద చరిచాడు. "చూశారా! నే చెప్పలేదూ? మొహంలో ఒక్క కండరం కదలకుండా ఎలా చెప్తాడో!" గదంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యే ఎవరో కాగితాలు జరిపారు, ఎవరో కలం అందించారు, డాక్టర్ కళ్లు తుడుచుకుంటూనే సంతకం పెట్టేశాడు.

నిజం చెబితే అన్నీ పోతాయనుకుని వెళ్లాడు కుంచోరో. ఏమీ పోలేదు. తన నిజానికి పోగొట్టేంత విలువ కూడా లేదని తేలింది. ఆర్డరు కాగితాన్ని సంచిలో పెట్టుకుంటుంటే, ఎవరి జేబులోంచో కొట్టేసినదాన్ని దాచుకుంటున్నట్టుంది.

కాపలావాణ్ణి అడిగి తుకిమన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. సందు చివర చిన్న ఇల్లు. వాకిట్లో అతని భార్య సర్తిని వెడల్పాటి మూకుట్లో మెండోవన్ వేయిస్తోంది. సోయా గింజలు పులియబెట్టి చేసే తెంపెని పల్చగా కోసి, ఆ ముక్కలు పిండిలో ముంచి, నూనెలో వేసి, మెత్తగా ఉండగానే తీసేస్తోంది.

"మీరా" అంది ఆమె, చిల్లుల గరిటె ఆపకుండానే. "మీ మాటలు విని మేం కూడా తెగ నవ్వేవాళ్లం పాక్. ఇప్పుడు లోపలికెళ్లి ఆయన్ని కూడా నవ్వించండి, చూద్దాం."

తుకిమన్ నేల మీద కూర్చుని ఉన్నాడు. నమాజు చాప చుట్టచుట్టి గోడకి నిలబెట్టి ఉంది.

"ఇంట్లో చేసుకోవడం మానేశారు" అంది సర్తిని గుమ్మంలోంచి. "ఏ పూటకా పూట మసీదుకే పోతున్నారు. ఇంట్లో అయితే ఎటు తిరగాలో తెలియడం లేదంటున్నారు."

కుంచోరో ఎదురుగా కూలబడ్డాడు. "బాణం సరైనదే తుకిమన్. నేనే వెధవని."

తుకిమన్ మెల్లగా తలెత్తాడు. "ఆ హోటలు కట్టినప్పటి నుంచీ బాణాలన్నీ నేనే పెట్టాను పాక్. ఉద్యోగమంటే పోయింది, ఇంకొకటి చూసుకుంటాను. కానీ హోటల్లో దిగేవాళ్లు ఎవరు? పక్క ఆసుపత్రిలో మనిషిని పడుకోబెట్టినవాళ్లు, కోర్టు పని మీద వచ్చినవాళ్లు, మీలాంటివాళ్లు. ఎన్ని కష్టాలు మొరపెట్టుకుని ఉంటారు ఆ గదుల్లో? అవన్నీ పక్కకి పోయాయా, అని ఒకటే ఆలోచన. అన్నం దిగడం లేదు."

కుంచోరో ఫోను తీశాడు. తొడుగుతో చూపించాడు, తొడుగు లేకుండా చూపించాడు. మళ్లీ మళ్లీ చూపించాడు.

తుకిమన్ రెండూ శ్రద్ధగా చూశాడు. "అది రెండు మాటలు చెప్తోంది పాక్. ఏది నమ్మమంటారు? నాకు ధైర్యం చెప్పాలని వచ్చారు, మీ మంచితనం. పిండి వంటలు తిని వెళ్లండి."

ఈ మనిషి కూడా నమ్మడు. కుంచోరోకి అరవాలనిపించింది, నేలకేసి తల కొట్టుకోవాలనిపించింది. "మరి నువ్వు పెట్టినప్పుడు దేన్ని నమ్మి పెట్టావయ్యా?" అన్నాడు, దాదాపు ఏడుస్తూ.

"నీడని. ఏడాదికి రెండు మార్లు సూర్యుడు మక్కాకి నడినెత్తిన నిలబడతాడు కదా. ఆ వేళకి ఇక్కడ మనకి సాయంత్రం. అప్పుడు నిటారుగా ఉన్న దేని నీడ చూసినా చాలు. నీడ ఎటు పడితే దానికి సరిగ్గా ఎదురుగా మక్కా."

"మళ్లీ ఎప్పుడు?"

"రేపేగా" అంది సర్తిని. "మసీదు మైకులో చెప్పారు, గడియారాలు సరిచూసుకోమని."

"నేను రాను" అన్నాడు తుకిమన్ వెంటనే. తర్వాత, మూకుడు చిటపటల్లో వినపడీ వినపడనట్టు అన్నాడు. "నాదే తప్పని తేలితే?"

సర్తిని గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. "తేలకుండా ఎన్నాళ్లు కూర్చుంటావయ్యా? నీ కంచం ముందు రోజూ నేను కూర్చోలేను" అంది.

మర్నాడు సెరుని హోటలు ముందు సిమెంటు చదునులో ముగ్గురూ నిలబడ్డారు. కాపలావాడు అడ్డం రాబోయి, లోపలికి పోయి లస్మినిని పిలుచుకొచ్చాడు. ఆమె మెట్ల మీద చేతులు కట్టుకుని ఆగిపోయింది. ఉండమననూ లేదు, పొమ్మననూ లేదు. కార్ల దగ్గర డ్రైవర్లు కుంచోరోని గుర్తుపట్టి ఫోన్లు బయటికి తీశారు.

తుకిమన్ జేబులోంచి దారం తీశాడు. కొసకి బరువైన ఇనుప నట్టు కట్టి ఉంది. "ఎవరైనా ఎత్తి పట్టుకోవాలి. చెయ్యి కదలకూడదు."

కుంచోరో పట్టుకున్నాడు. తుకిమన్ చూపించిన చోట చెయ్యి పైకెత్తి, దారం వేలాడదీసి, బిగుసుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఇవాళ ఏం చేప పడుతున్నావు?" అన్నాడొక డ్రైవరు. నలుగురు నవ్వారు.

ఆయనకి జవాబు నాలుక కొస దాకా వచ్చింది. మంచి జవాబే. నోరు తెరిస్తే భుజం కదులుతుంది, భుజం కదిలితే దారం ఊగుతుంది. మింగేశాడు.

స్లామెత్ కొండ మీంచి మబ్బొకటి వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. నేల మీద నీడ చెరిగిపోయింది. తుకిమన్ చేతిగడియారం వంక, ఆకాశం వంక చూశాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సర్తిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుంచోరో చెయ్యి మొద్దుబారుతోంది, మోచెయ్యి నుంచి చంక దాకా మంట. దించితే మళ్లీ ఎత్తగలనన్న నమ్మకం లేదు. ఆర్డరు కోసం కూడా ఆయన ఇంతలా మొక్కలేదు. ఒక్క రెప్పపాటు ఎండ చాలు. ఒక్కటంటే ఒక్కటి. డ్రైవర్లు నవ్వడం ఎప్పుడు మానేశారో తెలియదు, వాళ్లూ తలలెత్తి మబ్బునే చూస్తున్నారు.

మబ్బు అంచు చిరిగింది. ఏటవాలు ఎండ చదును మీద పడింది. దారం నీడ సన్నగా, పొడుగ్గా, పూలకుండీల వరస దాకా సాగింది.

తుకిమన్ వంగి చూడలేదు. నీడ వెంట నడుచుకుంటూ వెళ్లి, చివరి కుండీని రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్కకి జరపబోయి ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. జరిపాడు.

కుండీ కింద, తడికి నల్లబడ్డ సిమెంటులో, ఉలితో చెక్కిన పాత గీత ఉంది. హోటలు కట్టిన ఏడాది, ఇదే ఎండలో అతను చెక్కుకున్నది, దాన్ని చూసుకునే గదుల్లో బాణాలన్నీ పెట్టింది. దారం నీడ వెళ్లి ఆ గీతలో పడుకుంది. ఎక్కడా అంచు దాటలేదు.

తుకిమన్ మోకాళ్ల మీద కూర్చుని గీతని వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. మళ్లీ తడిమాడు. వీపు కదులుతోంది, ఏడుస్తున్నాడో ఊపిరి పీలుస్తున్నాడో తెలియలేదు.

మెట్ల మీంచి లస్మిని దిగొచ్చింది. గీతనీ నీడనీ చూసింది. "ఒరేయ్, నిచ్చెన తీసుకురా" అంది కాపలావాడితో. గొంతు సరిచేసుకుని, "ముందు ఏ గది, పాక్ తుకిమన్?" అని అడిగింది.

"ముందు ఈ సాయంత్రపు అసర్ నమాజు, బు" అన్నాడు తుకిమన్ లేస్తూ. సర్తిని సంచిలోంచి చాప తీసింది. అతను దాన్ని గీత వెంబడి, సూర్యుడి వైపు పరిచాడు. చేత్తో సర్దలేదు, అటూ ఇటూ చూడలేదు. ఒక్కసారే పరిచాడు.

తర్వాత వెనక్కి తిరిగి కుంచోరోని చూశాడు. "ఇక దించొచ్చు పాక్."

డ్రైవర్లలో ఇద్దరు చెప్పులు విప్పుకుని వచ్చి వెనక నిలబడ్డారు. కుంచోరో వాళ్ల పక్కన చేరాడు. జేబులో ఫోను గుంపు సందేశాలతో కొట్టుకుంటోంది. ముందు తుకిమన్ రెండు చేతులూ చెవుల దాకా ఎత్తాడు. కుంచోరో కూడా ఎత్తబోయాడు. దారం పట్టుకున్న చెయ్యి పూర్తిగా పైకి లేవలేదు. సగంలోనే ఉండిపోయింది.